నేను విప్పేసిన ఇల్లు

నాకు ముక్కు మీద కోపమని మా లోయలో అందరూ అంటారు. అననీ. మేకల్ని మేపి, బొచ్చు కత్తిరించి, వడికి, నేసి, ఆ నేతతో ఇల్లు కుట్టుకుని, ఆ ఇంట్లోనే మొగుణ్ణి పోగొట్టుకుని, కూతుర్ని పెంచి, ఎక్కడెక్కడివాళ్ళకో రొట్టె పెట్టి పక్క వేసే ఆడదానికి ఆ కాస్త కోపం కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది?

నా పేరు నోఫా. రెండు ఎర్ర కొండల మధ్య, జీపు దారి ఆగిపోయే చోట నా మకాం. మూడు వెంట్రుకల ఇళ్ళు, అంటే మేక బొచ్చుతో నేసిన నల్ల గుడారాలు ఉన్నాయి. పెద్దది మాది, చిన్నవి రెండూ ఎడారి చూడ్డానికి వచ్చేవాళ్ళవి. కరెంటు లేదు, జెనరేటర్ లేదు, పాటల డబ్బా లేదు. చీకటి పడితే చీకటే. వచ్చినవాళ్ళు మాతోపాటు తింటారు, పొయ్యి దగ్గర కూర్చుంటారు, పడుకుంటారు, పొద్దున లేచి టీ తాగి వెళ్తారు. "ఇక్కడ ఇంకేం ఉంది?" అని ఎవరైనా అడిగితే కొండ వైపు చెయ్యి చూపిస్తాను. ఆ జవాబు నచ్చనివాళ్ళను మా మరిది దగ్గరికి పంపిస్తాను.

మా మరిది అవ్వాద్ మకాం లోయ మొదట్లో ఉంది. మకాం అంటే మకామా అది! తెల్లటి ప్లాస్టిక్ బుడగలు. ఒక్కో బుడగలో మంచం, అద్దం, వేడినీళ్ళ గది. రాత్రంతా జెనరేటర్ గురక, రంగు దీపాలు, డప్పులు. కాఫీ కావాలంటే గోడకి ఒక మిషన్, అది నొక్కితే కాగితం కప్పులో పడుతుంది. నేను పెళ్ళై వచ్చినప్పుడు ఈ అవ్వాద్ ముక్కు చీదుకోవడం కూడా చేతకాని పిల్లాడు. ఇవాళ వాడి కళ్ళు నెత్తికెక్కాయి. అఖబా పట్నంలో ఎవరో కంపెనీవాళ్ళతో మాట్లాడుకుని, మా కొండల మధ్యకి కూడా బుడగలు తెస్తానంటున్నాడు. నాతో ఎన్నిసార్లు అన్నాడో. నేను ఎన్నిసార్లు కాదన్నానో. ఆ చోటు మా తెగ పెద్దలు నా మొగుడు ముసల్లంకి మకాం వేసుకోమని ఇచ్చింది. ఆయన పోయాక కూడా మకాం ఎత్తకుండా ఉన్నది నేను.

ఆ సాయంత్రం నేనూ, నా కూతురు ఫిద్దా, డానూటా ఇంటి ముందు కూర్చుని బొచ్చు వడుకుతున్నాం. డానూటా పోలండ్‌లో నర్సుగా చేసి మానేసిన మనిషి. ప్రతి చలికాలం వచ్చి చిన్న గుడారంలో దిగుతుంది. వచ్చిన మొదటి ఏడాది "ఇక్కడ ఏం చెయ్యాలి?" అని అడగలేదు. అందుకే నాకు నచ్చింది. మా మాటలు కాస్త కాస్త నేర్చుకుంది. కదురు తిప్పడం మాత్రం దానికి ఎన్నేళ్ళైనా రాదు.

దూరంగా దుమ్ము లేచింది. రెండు జీపులు. ముందు దాంట్లోంచి హాజీ సువైలిం దిగాడు. ఆయన మా మామగారి తమ్ముడు, తెగలో అందరికన్నా పెద్దవాడు. ఆయన మాటంటే నాకు గౌరవం. వెనక జీపులోంచి ఇద్దరు దాయాదులు, వాళ్ళ వెనకే చేతులు నలుపుకుంటూ అవ్వాద్.

"అమ్మా, బాబాయి మొహం చూడు. పిల్లి పాల గిన్నె చూసినట్టు లేదూ?" అంది ఫిద్దా.

"నోర్ముయ్. వచ్చినవాళ్ళు అతిథులు."

ఎందుకొచ్చారని అడగం. అతిథిని అడగకూడదు. పరుపులు పరిచి, దిండ్లు వేసి, టీ ఇచ్చాను. మేకపిల్లను కోయించాను. మాంసం కుండలో పెట్టి ఇసుకలో నిప్పుల మీద పాతిపెట్టాం. ఫిద్దా బూడిదలో రొట్టె కాల్చింది. హాజీ ఈ రాత్రికి ఇక్కడే పడుకుంటానన్నాడు. సంతోషమే అన్నాను. నిజంగానే సంతోషించాను కూడా, నా బుద్ధి తక్కువ.

భోజనాలయ్యాక పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ గింజలు వేయించాను. అది మగవాళ్ళ పని, నాకు తెలుసు. ముసల్లం పోయాక ఆ పని నేనే చేస్తున్నాను. మగవాడు లేని ఇంట్లో అతిథికి కాఫీ లేదనమంటారా? గింజలు రోట్లో వేసి దంచడం మొదలుపెట్టానో లేదో, అవ్వాద్ వచ్చి నా చేతిలోంచి రోకలి తీసుకున్నాడు.

"లే వదినా. పెద్దాయన వచ్చినప్పుడు నువ్విలా మగాళ్ళ మధ్య కూర్చుంటే ఏం బాగుంటుంది? నేను పోస్తాలే."

"నీకు మిషన్ నొక్కడమేగా వచ్చింది. దంచడం ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"అన్న దగ్గర నేర్చుకున్నా. పో, లోపల కూర్చో. కాస్త నడుం వాల్చు. నీకు మాత్రం విశ్రాంతి వద్దా?"

వాడి నోట ఆ మాట వినగానే నాకు అనుమానం రావాలి. రాలేదు. హాజీ ముందు మరిదితో కీచులాట ఏమిటని లేచి, నడిమి తెర దాటి ఆడవాళ్ళ వైపు వెళ్ళాను. తెర అవతల రోకలి టక్కు టక్కుమంటోంది. వాడికి తాళం కూడా కుదరడం లేదు.

"నోఫా, మనుషులు ఎందుకు వచ్చారు?" అని గుసగుసగా అడిగింది డానూటా.

"తినడానికి."

"తిన్నారు కదా. ఇంకా ఎందుకు ముఖాలు ఇలా?" అంటూ కనుబొమలు ముడిచి చూపించింది. పరాయిదానికి కనిపించింది నాకు కనిపించలేదు.

అవ్వాద్ కాఫీ పోశాడు. మొదటి కప్పు హాజీకి. అప్పుడు రాతి పలక మీద కప్పు పెట్టిన చప్పుడు వినిపించింది. తాగి పెట్టిన చప్పుడు కాదది. నిండు కప్పు చప్పుడు మాకు తెలుస్తుంది. 

మా దగ్గర పెద్దమనిషి కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. పిల్లనివ్వమని అడుగుతారు, హత్య చేసినవాణ్ణి క్షమించమని అడుగుతారు, బావిలో నీళ్ళ వంతు అడుగుతారు. ఇంటివాడు ఇస్తానని నోటితో చెప్పేదాకా ఆ కప్పు ముట్టరు. ఇంటివాడు చెప్పి తీరాలి. చెప్పాక ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు.

తెర సందులోంచి చూశాను. హాజీ వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కప్పు అవ్వాద్ ముందు ఉంది.

"ముసల్లం మగపిల్లలు లేకుండా పోయాడు. అల్లా వాణ్ణి చల్లగా చూడాలి. ఈ ఇంటికి మగదిక్కు నువ్వే అవ్వాద్, అందుకే నిన్ను అడుగుతున్నాను" అన్నాడు హాజీ. "ఈ కొండల మధ్య చోటు అఖబావాళ్ళ పనికి ఇవ్వాలి. మన పిల్లలకి నాలుగు పనులు దొరుకుతాయి. కోడలికీ, పిల్లకీ నీ మకాం వంటింట్లో చోటిస్తానన్నావ్. నువ్వు సరే అనేదాకా ఈ కాఫీ ముట్టను."

వంటింట్లో చోటు!  అడిగించేది వాడే, ఇచ్చేదీ వాడే. నా ఇంట్లో కూర్చుని, నా మేకపిల్లను తిని, నా కాఫీ పోసి, నా చోటు తనకు తానే ఇచ్చేసుకుంటున్నాడు. వాడి నోట్లోంచి ఒక్క 'సరే' వస్తే చాలు. రేపు పొద్దున ఈ లోయంతా అది జరిగిపోయిన పనే అంటుంది. నేను ఏడ్చినా, జుట్టు పీక్కున్నా ఎవడూ వినడు.

"వెళ్ళి అరువమ్మా!" అంది ఫిద్దా. దాని గోళ్ళు నా చేతిలో దిగుతున్నాయి. "హాజీ తాతకి చెప్పు."

"అరిస్తే ఏమంటారు? ఆడది కదా, బాధపడింది అంటారు. ఓదారుస్తారు. కాఫీ తాగి పడుకుంటారు."

"మరి చూస్తూ కూర్చుంటావా?"

అవతల అవ్వాద్ గొంతు సవరించుకున్నాడు. వెంటనే సరే అంటే మర్యాదగా ఉండదు కదా, ఉపన్యాసం మొదలుపెట్టాడు. "మా అన్న ముసల్లం, సింహం లాంటి మనిషి. ఈ లోయలో ఆయన అడుగు పడని చోటు లేదు. ఆయన ఇల్లంటే నా ఇల్లు. ఈ ఇంట్లో నేను..."

నా ఇల్లు అన్నాడు. నా చెవులతో విన్నాను. తల పైకెత్తి చూశాను. నల్లటి పట్టీలు, ఒక్కో పట్టీ నా వేళ్ళ మీదుగా వచ్చిందే. పాతవి చిరిగితే విప్పి కొత్తవి వేసి కుట్టిందీ నేనే. వలస పోయిన ప్రతిసారీ ఇల్లు విప్పి, మడిచి, ఒంటె మీద ఎక్కించి, దించి, మళ్ళీ నిలబెట్టిందీ నేనే. మా దగ్గర మగవాడికి ఇంటి పనిలో ఏ తాడూ ముట్టుకునే అలవాటు లేదు. ముసల్లం కూడా ఇల్లు నిలబడేదాకా బయట కూర్చుని పొగ తాగేవాడు, పాపం.

"ఫిద్దా, వెనక తాళ్ళు విప్పు" అన్నాను.

అది ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "పొయ్యి?"

"పొయ్యి ముందు అంచున ఉంది. గాలి లేదు. వెనక్కి లాగితే నిప్పు మీద పడదు. డానూటా, నువ్వు ఆ గుంజ పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

"ఇల్లు పడేస్తామా?" అంది డానూటా, కళ్ళు పెద్దవి చేసి.

"పడెయ్యం. విప్పుతాం."

"మంచిది" అని చొక్కా చేతులు పైకి మడిచింది. అదీ నా డానూటా. ఎందుకని అడగలేదు.

మేం ముగ్గురం పిల్లుల్లా వెనక్కి వెళ్ళాం. ఇల్లు విప్పడం నాకు కళ్ళు మూసుకుని వచ్చు. వెనక గుంజలు దించాం, పక్క తాళ్ళు వదిలాం, నడిమి తెర పిన్నులు లాగేశాను. అవతల అవ్వాద్ ఇంకా "మా అన్న ఇంటి గౌరవం" దగ్గరే ఉన్నాడు. నడిమి గుంజ నేను పట్టుకుని "లాగండి!" అన్నాను.

ఇల్లంతా ఒక్కసారిగా వెనక్కి జారింది. మగవాళ్ళ తలల మీదుగా నల్ల బట్ట జరజరా పాకి, ఒకడి తలగుడ్డ కూడా లాక్కుని వచ్చింది. ముందు గుంజలు ఇసుకలో మెత్తగా వాలాయి. పొయ్యి మీద ఒక్క వెంట్రుక పడలేదు. దుమ్ము అణిగాక చూస్తే, నలుగురు మగవాళ్ళు ఆకాశం కింద పరుపుల మీద నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. మధ్యలో నిండు కప్పు. పైన చుక్కలు. అవ్వాద్ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

నేను వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాను. తెర లేదు, ముసుగు సర్దుకోలేదు.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నాడు హాజీ.

"ఇల్లు విప్పేశాను మామయ్యా."

"ఎందుకు?"

"నాది కాబట్టి. ఇప్పుడు చెప్పమనండి వీణ్ణి, 'ఈ ఇంట్లో నేను' అని. ఏ ఇంట్లోరా అవ్వాద్? కూర్చున్నావుగా, చూసి చెప్పు."

అవ్వాద్ ముఖం కందగడ్డ అయింది. "నీకు మతి పోయిందా వదినా? పెద్దాయన కూర్చుని ఉండగా ఇల్లు కూలుస్తావా? పరువు తీశావ్ కదా!"

"నీ పరువు గురించి నా దగ్గర మాట్లాడకు. నా చేతిలోంచి రోకలి లాక్కుని నా కాఫీతో నా చోటు అమ్ముకుంటావా? నన్ను వంటింట్లో పెడతావా? నీ ముక్కు తుడిచిన దాన్నిరా నేను. నీ పప్పులు నా దగ్గర ఉడకవు."

ఫిద్దా వెనక నుంచి కిసుక్కున నవ్వింది. దాయాదుల్లో ఒకడు తలగుడ్డ వెతుక్కుంటూ నవ్వాపుకున్నాడు.

హాజీ మాత్రం నవ్వలేదు. ఆయన అవ్వాద్ వైపు తిరిగాడు. "నోఫా ఒప్పుకుందని చెప్పావు నాకు."

అవ్వాద్ నీళ్ళు నమిలాడు. "ఒప్పుకుంటుందనుకున్నా హాజీ. ఆడవాళ్ళు మొదట అలాగే అంటారు..."

"ఒప్పుకుందని చెప్పావా, లేదా?"

"చెప్పా."

 హాజీ కప్పు తీసి ఆ కాఫీని పొయ్యి బూడిదలో పారబోశాడు. "ఇల్లు లేని చోట ఇంటివాడూ లేడు. ఇప్పటిదాకా అడిగింది లెక్కలోకి రాదు."

"పదండి హాజీ, పోదాం. ఇంత అవమానమయ్యాక ఇక్కడ ఉండేదేంటి?" అంటూ అవ్వాద్ లేచాడు.

"నేను ఈవిడ మేకపిల్లను తిన్నాను. రాత్రికి ఉంటానన్నాను. ఉంటాను. నువ్వూ ఉంటావు" అన్నాడు హాజీ. ఆ గొంతు వింటే ఎవరైనా కూర్చుంటారు. అవ్వాద్ కూర్చున్నాడు.

అతిథుల గుడారం ఒకటి ఖాళీగా ఉంది, అందులో పడుకోండి మామయ్యా అన్నాను. నీకు ఇల్లు లేకుండా నేను ఇంట్లో పడుకోనన్నాడు. సరే, ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి ఇచ్చాను. అవ్వాద్‌కి కూడా ఇచ్చాను, మంచిదే ఇచ్చాను. అతిథికి చిరిగింది ఇచ్చే ఇల్లు కాదు మాది, విప్పి పడేసి ఉన్నా సరే. మేం ముగ్గురం విప్పిన బట్ట మీదే పడుకున్నాం. డానూటా చుక్కలు చూస్తూ "బాగుంది" అంది, వెంటనే గురక పెట్టింది. నాకు మాత్రం నిద్ర ఎక్కడిది? కోపం కాస్త చల్లబడ్డాక భయం మొదలైంది. హాజీ కప్పు పారబోశాడే కానీ చోటు నీదేనని అనలేదు.

తెల్లారేసరికి హాజీ నమాజు చేసుకుని, చెయ్యి గడ్డం మీద పెట్టుకుని కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన గుడిసె అవ్వాద్ బుడగల పక్కనే. నన్ను చూసి, "జెనరేటర్ చప్పుడు లేకుండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అమ్మాయ్" అన్నాడు. అంతే అన్నాడు. దాన్నిబట్టి ఏమీ తెలియలేదు.

అవ్వాద్ దుప్పటి కప్పుకుని ముడుచుకుని ఉన్నాడు. వాడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"లే. అన్న ఇల్లు నీ ఇల్లన్నావుగా. నిలబెట్టు."

"వదినా, పొద్దున్నే మొదలుపెట్టకు."

"నిలబెట్టరా. మేం ఆడవాళ్ళం, పక్కన కూర్చుని పొగ తాగుతాం."

 హాజీ చూస్తున్నాడు. ఆ చూపుకి అవ్వాద్ లేచి గుంజ పట్టుకున్నాడు. ముందు నడిమి గుంజ ఎత్తాడు, బట్ట అటు జారిపోయింది. పక్క తాడు లాగాడు, గుంజ ఇటు పడింది. "అది వెనక తాడు బాబాయ్" అంది ఫిద్దా. "ఇది పక్కదా?" "అది మేకని కట్టే తాడు బాబాయ్." దాయాదులు ఇద్దరూ సాయానికి వెళ్ళారు, వాళ్ళు కలిశాక ఇంకా చెడింది. చివరికి అవ్వాద్ మొత్తం బట్ట కిందకి దూరిపోయి ఎక్కడున్నాడో కనిపించలేదు. లోపల్నుంచి తిట్లు మాత్రం వినిపించాయి. డానూటా కడుపు పట్టుకుని నవ్వింది.

"చాల్లే, బయటికి రా" అన్నాను. నేనూ ఫిద్దా తాళ్ళు అందుకున్నాం. నీళ్ళు కాగేలోపు ఇల్లు లేచి నిలబడింది. నడిమి తెర మాత్రం కట్టలేదు. ఫిద్దా తెర చేతిలో పట్టుకుని నా వైపు చూస్తే, వద్దన్నాను.

పొయ్యి దగ్గర నేనే కూర్చున్నాను. గింజలు వేయించాను, దంచాను, యాలకులు వేసి మరిగించాను. ఎవడూ రోకలికి చెయ్యి చాపలేదు. మొదటి కప్పు హాజీకి ఇచ్చాను. ఆయన నా చేతిలోంచి తీసుకున్నాడు. పక్కనే ఉన్న దాయాదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ఊపిరి కాస్త తేలికైంది. ఇంటివాళ్ళ చేతిలోంచే కదా కప్పు తీసుకునేది.

హాజీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆపాడు. తర్వాత మెల్లగా నా ముందు రాతి పలక మీద పెట్టాడు.

 అవ్వాద్ తల ఎత్తాడు. వాడి కళ్ళలోకి ప్రాణం వచ్చింది.

"ఈ చోటు అడుగుతానని నేను అవ్వాద్‌కి మాట ఇచ్చి వచ్చాను, అమ్మాయ్" అన్నాడు హాజీ. "వాడు నాతో అబద్ధం చెప్పాడు, అది వాడి పాపం. నేనిచ్చిన మాట నాది. నిన్న అడగకూడని మనిషిని అడిగాను. ఇవాళ నిన్ను అడుగుతున్నాను, ఈ ఇంటి మనిషిని. ఈ చోటు ఇవ్వాలి. నువ్వు ఇస్తాననేదాకా ఇది ముట్టను."

 మా లోయలో ఇలా ఒక ఆడదాని ముందు కప్పు పెట్టడం ఎవరూ చూడలేదు. నన్ను ఇంటిదాన్నిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టే ఇప్పుడు ఆ ఉచ్చు నా మెడకి వచ్చింది. కప్పు పెట్టాక కాదన్నవాణ్ణి నేను చూడలేదు. మా అమ్మ చిన్నప్పుడు ఒకడు కాదన్నాడట. వాడి మనవళ్ళని కూడా కాఫీ కాగని వట్టి కుంపటివాళ్ళు అని పిలిచేవాళ్ళట, వాళ్ళ ఇంటి పిల్లని ఎవరూ చేసుకోలేదట. ఫిద్దా నా పక్కనే కూర్చుని ఉంది. దానికి ఇంకా పెళ్ళి కాలేదు. పైగా అడిగింది అవ్వాద్ కాదు. అవ్వాద్ అయితే మొహం మీద విసిరికొట్టేదాన్ని. ముసల్లం పోయినప్పుడు గొయ్యిలో దిగి ఆయన మొహం మక్కా వైపు తిప్పి సర్దిన చేతులు ఈయనవి.

ఫిద్దా వైపు చూశాను. "నా గురించి చూడకు" అంది, అందరికీ వినపడేలా.

"మామయ్యా" అన్నాను.  "మీరు నా మేకల్ని అడగండి, అన్నీ తోలుకుపొండి. నా నగలు అడగండి, ఇప్పుడే తీసి ఇస్తాను. ఈ చోటు ఇవ్వను."

"కప్పు పెట్టాను."

"చూశాను. ఇవ్వను. దీపాలు పెట్టనివ్వను, ఆ గురక పెట్టే డబ్బా పెట్టనివ్వను. ఇక్కడికి జనం నిద్రపోవడానికి వస్తారు. మీరు కూడా రాత్రి ఇక్కడ నిద్రపోయారు. ఆ కప్పు సాయంత్రం దాకా అక్కడే ఉన్నా, ఏడాది ఉన్నా నా మాట ఇదే. సిగ్గు నాది, నా పేరు మీదే చెప్పుకోండి. నోఫా కాదందని చెప్పండి."

అవ్వాద్ ఎగిరి లేచాడు. "విన్నారుగా! పెద్దాయన కప్పుకే కాదంది! ఇవాళ్టి నుంచి నీ గడప ఎవడు తొక్కుతాడో చూస్తా. నీ ఇంట్లో మనవాడన్నవాడు కాఫీ తాగడు. నీ కూతుర్ని ఎవడు చేసుకుంటాడో చూస్తా!"

"తాగకపోతే మానెయ్యండ్రా. గింజలు మిగుల్తాయి" అన్నాను. "నా కూతురు పేరు ఇంకోసారి ఎత్తావంటే ఇల్లు కాదు, నీ పళ్ళు విప్పుతాను."

దాయాదులు లేచి నిలబడ్డారు, జీపుల వైపు చూశారు. హాజీ కదల్లేదు. కప్పు వైపు చూస్తున్నాడు. ఆయన లేచి వెళ్ళిపోతే అంతా అయిపోయినట్టే. చోటు నాకు మిగులుతుంది, లోయ మిగలదు. అది తెలిసే అన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అంటాను. కాఫీ కూజా గట్టిగా పట్టుకున్నాను.

హాజీ చెయ్యి చాపి కప్పు తీసుకున్నాడు. పారబోయడానికి అనుకున్నాను. నోటికి ఆనించి, ఒక్క గుక్కలో తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు. ఖాళీ కప్పు నా వైపు చాపాడు.

"చల్లారిపోయింది" అన్నాడు. "వేడిది పొయ్యి, కోడలా."

పోశాను. ఎంత పోశానో నాకే తెలియదు, పొంగి ఆయన వేళ్ళ మీద పడింది. 

"హాజీ! ఆవిడ కాదంటే మీరు తాగుతారా?" అన్నాడు అవ్వాద్. వాడి గొంతు చిన్నపిల్లాడిది అయిపోయింది.

"మాట ఇచ్చాను, అడిగాను. అడిగించుకున్న మనిషి జవాబు చెప్పింది. ఇంకేం కావాలి?" అన్నాడు హాజీ, రెండో కప్పు ఊదుకుంటూ. "ఈ చోటు గురించి ఇంకెవడైనా అడగాలంటే ముందు నా దగ్గరికి రమ్మను. కూర్చో. ఆమె వాకిట్లో రాత్రి పడుకున్నావు, కాఫీ తాగకుండా పోతే తిన్నది అరగదు."

దాయాదులు కూర్చున్నారు. ఇద్దరికీ పోశాను, ఇద్దరూ నా చేతిలోంచి తీసుకున్నారు. డానూటాకి పోశాను, ఫిద్దాకి పోశాను. అవ్వాద్ కాసేపు నిలబడి, జీపు వైపు చూసి, హాజీ వైపు చూసి, చివరికి పరుపు అంచున కూలబడ్డాడు. చెయ్యి చాపాడు.

కప్పు నింపాను. ఇవ్వలేదు.

"ఎవరింట్లో తాగుతున్నావురా?" అన్నాను.

వాడు ఇసుక వైపు చూశాడు. ఫిద్దా వైపు చూశాడు. ఎవరూ వాడికి సాయం రాలేదు.

"నీ ఇంట్లో వదినా" అన్నాడు.

అప్పుడిచ్చాను.